సాతంరాయి ఇంట్లో తడి గుడ్డ

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. పదకొండేళ్లుగా శంషాబాద్ చుట్టుపక్కల, మనుషులు లేని ఇళ్లలోకి తాళం తీసి ఒక్కదాన్నే వెళ్తున్నాను. ఒక్క దయ్యం ఎదురైనా దాని మీది బూజు కూడా దులిపి వచ్చేదాన్ని.

ఇళ్లు శుభ్రం చేసే ఈ పని మా అక్క మొదలుపెట్టింది. ఎయిర్‌పోర్టులో డ్యూటీలు చేసేవాళ్లు చాలామంది తాళంచెవులు మా దగ్గరే ఉంచుతారు. అక్కకు కస్టమరంటే ప్రాణం. ఎవరికి ఫినాయిల్ వాసన పడదో, ఎవరి పూజగది ముట్టుకోకూడదో అన్నీ నోటికి వచ్చు. మేమిద్దరం ఉండే ఇల్లు మాత్రం వారాల తరబడి చీపురుకు నోచుకునేది కాదు.

శంషాబాద్ పక్కనే సాతంరాయిలో, రాజేశ్ అని మా పాత కస్టమర్ ఇంట్లో, వాళ్ల నాన్న ఒక్కరే ఉండేవారు. శనివారం వచ్చి ఇల్లంతా కడుగుతానని అక్క ఆయనకు మాటిచ్చింది. ఆయన గురువారమే పోయారు. నక్షత్రం మంచిది కాదు, ఆరు నెలలు ఇల్లు మూసేయమన్నారు అయ్యగారు. మా వైపు ఇది మామూలే. దినాలు కాగానే రాజేశ్ నీళ్ల ట్యాంకు ఖాళీ చేసి, కరెంటు ఆపేసి, తాళం వేసి, దాని మీద గుడ్డ చుట్టి గట్టిగా ముడేశాడు. తాళంచెవి ఎప్పటిలాగే మాకిచ్చాడు.

ఆ ఇల్లు మూసిన మూడో నెలలో అక్క అత్తాపూర్‌లో దవాఖానలో చేరింది. కిడ్నీలు పాడయ్యాయి. మంచం మీద కూడా ఆ ఇంటి మాటే. "సాతంరాయి ఇల్లు అట్లనే ఉండిపాయె" అని రోజూ అనేది. నాకు విసుగొచ్చేది.

ఒకరోజు ఒక కస్టమర్ ఇంట్లో ఫంక్షన్ ఉంది, ముందుగా ఇల్లు కడగాలి. నేను పోనంటే అక్క ఒప్పుకోలేదు.

"నేనేడికి పోత? మాటిచ్చినం గద, నువ్వు పో" అంది.

వెళ్లాను. రెండో బాత్రూం కడుగుతుంటే ఫోనొచ్చింది, అక్క పోయిందని. మిగిలిన పని పూర్తి చేశాకే దవాఖానకు వెళ్లాను. ఎందుకలా చేశానో నాకే తెలియదు. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. నన్ను పంపించేసినందుకు అక్క మీద కోపం మాత్రం ఉండిపోయింది.

ఆరు నెలలు నిండాక, శుద్ధి పూజకు ముందు రోజు రాజేశ్ నన్ను పిలిచాడు. పొద్దున తొమ్మిది గంటలు. ముడి అతనే విప్పాడు. ఎండకూ వానకూ గుడ్డ బిగుసుకుపోయి, దాని కింద తాళం తుప్పుపట్టి ఉంది. పూజ కాకుండా తను లోపలికి రాకూడదని వాకిట్లో ఆగాడు. పక్కింట్లో పట్టిన రెండు బకెట్ల నీళ్లతో నేను లోపలికి వెళ్లాను.

అది హైవే పక్క ఇల్లు. వారం ఊడ్వకపోతే నేల మీద వేలితో పేరు రాయొచ్చు. ఆ రోజు దుమ్ము లేదు. మూలల్లో తుడిచిన తడి ఇంకా ఆరలేదు. బాత్రూంలో బకెట్ బోర్లించి ఉంది. తుడిచే గుడ్డ నాలుగు మడతలు పెట్టి నల్లా మీద వేసి ఉంది. మా అక్క తప్ప అలా వేసేవాళ్లను నేను చూడలేదు. మడతపెడితే ఎట్లా ఆరుతుందని తనతో ఎప్పుడూ పోట్లాడేదాన్ని.

గుడ్డ పట్టుకుంటే చేయి తడిసింది. నల్లా తిప్పాను, చుక్క రాలేదు. కిటికీలన్నీ లోపలి నుంచి గడియ వేసే ఉన్నాయి. ఆ ఇంటికి వెనక తలుపు లేదు.

భయం వేయలేదు. ఏమీ అనిపించలేదు. తెచ్చిన నీళ్లు తెచ్చినట్టే బయటికి మోసుకొచ్చాను.

రాజేశ్ గడప అవతలి నుంచే లోపలికి చూశాడు.

"నడుమల మీరేమన్న వచ్చిండ్రా అక్కా?"

లేదన్నాను. ముడి విప్పింది తనే కాబట్టి ఇంకేం అడగలేదు. ఇల్లయితే మంచిగున్నది అన్నాడు.

ఎవరు తుడిచారో నాకు తెలియదు. అక్కే అనుకోవడానికి మనసు ఒప్పదు, కాదనుకోవడానికి దారి దొరకదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. వచ్చింది అక్కే అయితే, కస్టమర్ ఇంటికి వచ్చింది. తను పోయి ఏడాది దాటింది. మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు.