టీకా బొమ్మలో నా ముఖం

నాకు రాని మశూచిని ఒక చిత్రకారుడు నా ముఖానికి అంటగట్టాడు. యాభై ఏళ్లు దాటినా ఆ అన్యాయాన్ని నేను మరచిపోలేదు.

స్వాతంత్ర్యానికి కొంచెం ముందు నేను ధర్మవరంలో మగ్గం నేసేవాణ్ణి. బడి మెట్లెక్కకపోయినా, ఇంగ్లీషు డాక్టరు లోకంలో మొదటి టీకా వేసిన కథ సొంతంగా చదువుకున్నాను. ఆ దృశ్యాన్ని హిందూపురం సంతలో పెట్టడానికి గీస్తున్న చిత్రకారుడు "డాక్టరుగా కూర్చోప్పా" అంటే, కోటు తొడుక్కుని, ఆయన ఇచ్చిన టీకా సూది పట్టుకుని మూడు రోజులు కూర్చున్నాను.

సంతకు పోయి చూస్తే డాక్టరు ఇంకెవరో! పక్కన మంచం మీద పొక్కులతో పడుకున్న రోగికి నా ముఖం. నేను నోరు తెరిచేలోపే ఒక అవ్వ కేక పెట్టింది: "ఓయబ్బా, బొమ్మలో అమ్మవారు పోసినోడు ఈడ నిలబడి ఉండాడు!"

"ముఖం మీద ఒక్క పొక్కూ లేదే?" అన్నారెవరో.

"ఇంకా లోపలే ఉండాదేమో! ఊరిబయట పాకలో వేయండప్పా!"

ఆ పాకలో నిజమైన మశూచి రోగులున్నారు. నాకేమీ లేదని చొక్కా విప్పి చూపించాను.

"టీకా మచ్చ యాడప్పా?" అన్నాడొకడు.

మచ్చ లేదు. సూదికి జడిసి ఏళ్ల తరబడి తప్పించుకు తిరిగాను. టీకాలు వేసే ఉద్యోగి వచ్చి అందరి ముందూ నా చేతికి టీకా పొడిచాక గానీ జనం నన్ను వదల్లేదు.

చిత్రకారుణ్ణి నిలదీస్తూ నాలుగు జాబులు రాశాను. చివరికి పెనుకొండ నుంచి ఒక కార్డు వచ్చింది: "డాక్టరుకు ఎవరి ముఖమైనా సరిపోతుందప్పా. బొమ్మ కోసం టీకా సూది నీ చేతిలో పెట్టినప్పుడు నీ ముఖంలో కనిపించిన భయం మాత్రం ఇంకెవరి దగ్గరా దొరకలేదు."