మగ్గం గుంతలో ఎర్రనీళ్లు

షూటింగులో మేకప్ మనిషి నెత్తురు సీసా మూత తీసినప్పుడల్లా నా ముక్కుకు తడిసున్నం వాసన కొడుతుంది. నిజానికి అందులో సున్నం చుక్క కూడా ఉండదు, ఏదో తియ్యటి పాకంలో రంగు కలిపి తెస్తాడు. అయినా నేను కుర్చీ వెనక్కి జరుపుకుంటాను. ఇరవై ఏళ్లుగా సీరియళ్లూ, నాలుగు సినిమాలూ తీసిన ప్రొడ్యూసరమ్మ రంగునీళ్లకు జడుస్తుందని యూనిట్లో నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నా మొదటి నెత్తురు నేను గద్వాలలో, మా ఇంటి మగ్గం గదిలో, పదేళ్ల వయసులో నా చేతుల్తోనే కలిపాను.

గంజి పుల్లవాసన, పట్టు పోగుల వాసన, వంటింట్లో కాలుతున్న జొన్నరొట్టె వాసన కలిసి ఎప్పుడూ ఆకలి పుట్టించే గది అది. ఒకే మగ్గం మీద నాయినా, ఆయన చెల్లెలు నర్సత్తా పక్కపక్కన గుంతలోకి కాళ్లు దింపి కూర్చునేవాళ్లు. నూలు చీరకు పట్టు అంచును పోగుపోగునా మెలేసి కలపాలంటే నేసేవాడి పక్కన ఇంకో చెయ్యి కావాలి. మా ఇంట్లో ఆ చెయ్యి నర్సత్తది. మొగుడు ఇంకొకతెను తెచ్చుకుంటే పుట్టింటికొచ్చేసిన మనిషి. అన్న నీడన బతుకుతున్నావని ఎవరన్నా అంటే, పోగు నేసే నాడె చేతిలోనే పట్టుకుని, "ఊకె తింటలేను. గీ అంచు నాది" అనేది.

అమావాస్య నాడు మా ఇళ్లల్లో మగ్గం ముట్టరు. పెద్దలకది సెలవు, నాకది రాజ్యం. పితృదేవతల అమావాస్య, ఆ పెత్రామాస రోజు ఆడవాళ్లు పోలెలు, అదే బొబ్బట్లు, వత్తుతూ వంటింట్లోనే ఉండిపోతే, నేను వాడకట్టు పిల్లల్ని మగ్గం గదిలోకి తోలుకొచ్చి నాటకం మొదలుపెట్టాను. గుంత చెరసాల, అందులో రాజు, పైన సేనాపతి. ఎవరేం మాట్లాడాలో నేనే చెప్పాలి, ఎవరేడవాలో నేనే చెప్పాలి, అప్పుడే అంత పెత్తనం. సేనాపతి చచ్చిపోయేటప్పుడు నెత్తురు కావాలని దిష్టినీళ్లు కలిపినట్టే పసుపూ సున్నమూ కలిపి చెంబెడు ఎర్రనీళ్లు తెచ్చాను. చావు బాగా పండాలని చెంబు కాస్త గట్టిగానే విసిరాను. సగం నీళ్లు మగ్గానికున్న, ఇంకా నేత పూర్తికాని చీర మీద, సరిగ్గా నర్సత్త కూర్చునే వైపు పడ్డాయి. పిల్లలంతా పారిపోయారు. నేను గుడ్డతో అద్దాను. మరక ఇంకా పాకింది. తలుపు దగ్గరికి వేసి, వెళ్లి పోలెలు తిన్నాను, రెండు.

తెల్లారి నాయనమ్మ ఆ మరక చూసింది. ఖర్మకాలి ఆ పొద్దున్నే నర్సత్త ముట్టయి బయట కూర్చుంది. నాయనమ్మ రెండూ కలిపేసుకుంది.

"ముట్టు దాసిపెట్టి మగ్గమెక్కినవా? అదీ పెత్రామాస నాడు! ఇగ నీ నీడ గీ మగ్గం మీద పడొద్దు."

నేసినంత మేర కోసి, ఉతకమని ఆమె ముందు పడేసింది. నాయిన తలొంచుకుని తెగిన పోగులు ముడేసుకుంటూ కూర్చున్నాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. 'నాయనమ్మా, నేనే' అంటే సరిపోయేది. నాయిన చేతిలో నాలుగు దెబ్బలు పడతాయని నోరు కుట్టేసుకున్నాను. ఆ తర్వాత అంచుకు ఇంకొకామె కూలికొచ్చింది. నర్సత్త వసారాలో రాట్నం ముందు కండెలకు నూలు చుట్టుకుంటూ ఉండిపోయింది. "గీ అంచు నాది" అనే మాట మళ్లీ వినబడలేదు.

నేను చేసిన అసలు సిగ్గుమాలిన పని దీని తర్వాతది. పోయినేడు ఆ కథను నా సీరియల్లో పెట్టాను. మా సీరియళ్లలో నిజం బయటపడాలంటే మూడు ఉరుములు ఉరమాలి, అవీ పెట్టాను. అందులో పిల్ల పరుగెత్తుకొచ్చి, అత్త కాళ్ల మీద పడి, నేనే చేశానని అందరి ముందూ ఒప్పుకుంటుంది. జనం ఏడ్చారు. మెచ్చుకున్నారు. నేను శాలువా కూడా కప్పించుకున్నాను.

మొన్న గద్వాల వెళ్లాను. మగ్గం లేదు, గంజి వాసన లేదు, నాయినా నాయనమ్మా లేరు. గుంతను బండలతో మూసేసి దాని మీదే టీవీ పెట్టారు. దాని ముందు, ఒకప్పుడు తను కూర్చున్నవైపే, నర్సత్త కుర్చీ వేసుకుని కూర్చుంది.

"నీ సీరియల్ జూసిన. గా పిల్ల మంచిది. దెబ్బలు పడ్తయని తెల్సి గూడ చెప్పింది" అంది.

నలభై ఏళ్ల తర్వాత నా నోరు పెగిలింది. "అత్తా, ఆ రోజు చీర మీద నీళ్లు పోసింది నేనే."

"తెల్సు. ఉతికింది నేనే గద, సున్నం వాసన తెల్వదా?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆమె టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు చెప్తవని జూసిన బిడ్డా. శానా దినాలు జూసిన."