సైకిల్ దిగే నరహరి

నరహరి పోయాడని అతని భార్య స్వప్న ఫోన్లో చెప్పినప్పుడు నేను క్వేకర్స్ హిల్ స్టేషన్లో అతని కోసమే చూస్తున్నాను. పారమట్టా ఆఫీసులకు మేమిద్దరం ఏళ్ల తరబడి ఒకే రైల్లో వెళ్లేవాళ్లం. తెల్లవారుజామున గుండెపోటు వచ్చిందట. అంబులెన్సు వచ్చేలోగానే అయిపోయిందట. ఆ మాట విన్నాక వచ్చిన రైలు ఎక్కలేదు. అతను ఆలస్యంగానైనా వస్తాడన్నట్టు అక్కడే బల్ల మీద కూర్చుండిపోయాను. నలభై దాటి ఎంతో కాలం కాలేదతనికి.

ఇక్కడి మన తెలుగు సంఘం పత్రికకు అతని గురించి నాలుగు మాటలు రాయమన్నారు. పెద్ద మాటలు నరహరికి నప్పవు. "మహనీయుడు" అని రాస్తే "గాయన ఎవరన్నా?" అని నన్నే అడిగేవాడు. అందుచేత నేను చూసినంత మట్టుకే రాస్తాను.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె, నాది గుంటూరు. ఈ దేశం వచ్చాక, ఒకరి యాసను ఒకరం ఎగతాళి చేసుకోవడంతో స్నేహం మొదలైంది. అతని స్వభావంలో మొదట చెప్పవలసింది ఉపాధ్యాయుల పట్ల భక్తి. "మా ఊర్ల సారు ఎదురొస్తే సైకిల్ దిగి నడిచేటోళ్లమన్నా. సారు మలుపు తిరిగినంకనే మళ్ల ఎక్కుడు" అనేవాడు. ఇక్కడ కూతురు మేఘన బడిలో, తనకంటే ఎంతో చిన్నదైన టీచర్ గదిలోకి వచ్చినా లేచి నిలబడేవాడు. ఆమె కంగారుపడి తానూ కూర్చునేది కాదు. ఇద్దరూ నిలబడే మాట్లాడుకునేవారు. "ఈడికొచ్చి ఇన్నేండ్లాయె, ఈయన ఇంకా సైకిల్ దిగుతనే ఉన్నడు" అని స్వప్న నవ్వేది.

మేఘనకు మాట ఆలస్యంగా వచ్చింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో చెబుతుంది. అదీ రెండు మూడు మాటల్లోనే. పెద్ద వాక్యం కూర్చడం, క్లాసులో అందరితో పాటు పాఠం అందుకోవడం ఆ పిల్లకు కష్టం. వారంలో కొన్ని గంటలు పక్కన కూర్చుని సాయపడడానికి ఒక టీచర్‌ను ఇస్తామని బడివాళ్లు ఒప్పుకున్నారు. ఏర్పాటు బాగానే మొదలైంది. తరువాత ఆ టీచర్‌ను పై తరగతులకు పంపారు. బదులు ఎవరినీ వేయలేదు, ఇంటికి కబురూ చేయలేదు.

ఏడాదికి పైగా అలాగే గడిచింది. ఆ కాలమంతా నరహరి ప్రతి టర్మ్ చివరా బడికి వెళ్లి, అంతా బాగుందని, థాంక్యూ అని చెప్పి, స్టాఫ్‌రూమ్‌కు మిఠాయి పెట్టె ఇచ్చి వచ్చాడు. పిల్ల వెనకబడుతోందని అనిపించి, బ్లాక్‌టౌన్లో ఒక స్పీచ్ థెరపిస్ట్ దగ్గర సొంత డబ్బుతో చేర్చాడు. దానికోసం శనివారాలు ఒక గిడ్డంగిలో పనికి కుదిరాడు. "బడోళ్లు వాళ్ల పని చేస్తున్నరు, మనం మన పని చెయ్యాలె గదా" అన్నాడు నాతో.

బడిలో టీచర్ ఏం చేయిస్తోందో కనుక్కోమని ఒకరోజు ఆ థెరపిస్టే అడిగింది. వెళ్లి అడిగితే అసలు సంగతి బయటపడింది. ఆ సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లేసరికి నరహరి మేఘన ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాడు.

"బిడ్డా, మిస్ వస్తలేదని నాకు చెప్పినవా?"

"ఐ టోల్డ్ యూ, నాన్నా. షీ గోస్ టు బిగ్ కిడ్స్."

"ఎప్పుడు చెప్పినవ్?"

"లాట్స్."

"చెప్పింది. ఆ ఒక్కరోజు రాలేదేమో అనుకున్నం మనం" అంది స్వప్న.

నరహరి నావైపు తిరిగాడు. "పిల్ల నిజం చెప్పిందన్నా. నేను టీచర్‌ను నమ్మిన." కాసేపటికి కూతురి చేయి పట్టుకుని సారీ చెప్పాడు.

థెరపిస్ట్‌కు కట్టిన డబ్బు తిరిగి ఇవ్వాలని, పోయిన గంటలకు బదులు గంటలు ఇవ్వాలని విద్యాశాఖను అడగడం అప్పుడే మొదలుపెట్టాడు. వీటితో పాటు మరొకటి కూడా అడిగాడు. మేఘన చెప్పింది నిజమని బడివాళ్లు మేఘనతోనే చెప్పాలి. ఆ మూడోది అధికారులకు వింతగా తోచింది.

మనవాళ్లకూ వింతగానే తోచింది. ఒక ఆదివారం బార్బెక్యూ విందులో ఓ మిత్రుడు "వదిలెయ్ బ్రో, స్కూల్‌తో గొడవ పెట్టుకుంటే పిల్ల మీద చూపిస్తారు" అన్నాడు.

"కారు సర్వీస్ చెయ్యకుండ చేసినమంటే ఊకుంటవా?"

"ఎందుకూరుకుంటాను?"

"మరి నా బిడ్డ నీ కారు కన్న అగ్గువనా?" అన్నాడు నరహరి. ఆ మిత్రుడే తరువాత, అధికారులతో సమావేశం రోజున మా ఇద్దరినీ తన కారులో దింపాడు.

పారమట్టాలో జరిగిన ఆ సమావేశంలో నేను అతని పక్కనే కూర్చున్నాను. మాట్లాడిన అధికారి మర్యాదస్తుడు. "ప్రతి టర్మ్ మీరు కృతజ్ఞతలు చెప్పారు. స్వీట్లు కూడా ఇచ్చారు. మీకు సంతృప్తిగా ఉందనే బడి అనుకుంది" అన్నాడు.

నరహరి మెల్లగా ఇంగ్లీషులో చెప్పాడు. "మేము టీచర్‌కు థాంక్యూ చెప్పేది పని అయిందని కాదు. ఆమె టీచర్ అని. ఇకమీదా చెబుతాను. పని జరిగిందో లేదో చూసుకోవలసింది మాత్రం మీరు." ఆ తరువాత "స్వీట్ల డబ్బులు నేను అడగడం లేదు సార్" అన్నాడు. అధికారి నవ్వాపుకోలేకపోయాడు. నరహరి నవ్వలేదు.

కొన్ని నెలలకు జవాబు వచ్చింది. అడిగినంతా కాకపోయినా డబ్బులో చాలా భాగం ఇస్తామన్నారు. కొత్త టర్మ్ నుంచి టీచర్ వస్తుందన్నారు. ప్రిన్సిపల్ మేఘనతో మాట్లాడుతుందన్నారు. ఆ టర్మ్ మొదలయ్యే లోపలే నరహరి వెళ్లిపోయాడు.

గౌరవం ఉన్నచోట ప్రశ్న నోరు దాటదు మనకు. ప్రశ్న అడగడం వచ్చాక గౌరవం నిలుపుకోవడం ఇంకా కష్టం. అతను రెండూ నిలుపుకున్నాడు. అలాంటి మనిషి నా పక్కన కూర్చుని రోజూ పారమట్టా దాకా వచ్చాడు. ఆ చోటు ఇంకొకరు నింపుతారని నేననుకోను.

కర్మ ముగిసిన కొద్ది రోజులకు, కొత్త టర్మ్ మొదలయ్యాక, ప్రిన్సిపల్ రమ్మందని స్వప్న నన్ను తోడు తీసుకెళ్లింది. ఆవిడ పిల్లల కుర్చీ లాక్కుని మేఘన ఎదురుగా కూర్చుంది. మిస్ రావడం లేదని నువ్వు ఇంట్లో చెప్పింది నిజమని, తాము చెప్పకపోవడం తప్పని, సారీ అని చెప్పింది.

మేఘన ఆమెను చూసి, తల్లిని చూసి, "నాన్న నోస్" అంది. "హీ సెడ్ సారీ ఆల్రెడీ."

ప్రిన్సిపల్ స్వప్న వైపు తిరిగి, ఇప్పుడంతా బాగుందా అని అడిగింది. బాగుందన్న జవాబు స్వప్న పెదవుల మీదకు వచ్చేసింది. అంతలో ఆగి, కూతురి వైపు వంగింది.

"ఈ వారం మిస్ వచ్చిందా బిడ్డా?"

"యెస్. ట్యూస్‌డే. వీ డిడ్ సెంటెన్సెస్."

అప్పుడు స్వప్న లేచి నిలబడి, ప్రిన్సిపల్‌కు థాంక్యూ చెప్పింది.