విజయశ్రీ ఒప్పుకున్న తప్పులు

ఉప్పల్ నుంచి నాచారం ఎంత దూరం గనక? అయినా పొద్దున్నే షేర్ ఆటోలో నలిగి, దుమ్ము మింగి, ల్యాబు మెట్లెక్కేసరికే మా ఎదురింటి విజయశ్రీకి రోజంతా పనిచేసినంత నీరసం వస్తుంది. జ్వరమొస్తే మనం ఎవర్నీ అడక్కుండా మింగేసే పారాసిటమాల్ బిళ్ళలో, అట్ట మీద రాసినంత మందు ఉందో లేదో చూడటం ఆమె పని. బిళ్ళలు తూచి, నూరి, పొడిని కరిగించి, వడకట్టి మిషన్‌కి ఇస్తుంది. మిషన్ ఒక గీత గీస్తుంది. దాన్ని స్వచ్ఛమైన మందు ఇచ్చిన గీతతో పోల్చి లెక్క కడుతుంది. వందకు తొంభై అయిదు కన్నా తగ్గితే ఆ సరుకు అమ్మకూడదు.

కాకినాడ నుంచి వచ్చి, పెళ్ళయిన కొత్తలో చేరింది. పిల్లలు హైస్కూలుకొచ్చారు గానీ ఆమెది ఇంకా కాంట్రాక్టు ఉద్యోగమే.

ఆ ల్యాబులో ఒక పాడు అలవాటుంది. లెక్క తక్కువొస్తే సరుకును అనుమానించరు, మనిషిని అనుమానిస్తారు. "సరిగా కరిగించలేదు, పొరపాటు నాదే" అని పరీక్ష చేసినవాళ్ళు రాసి సంతకం పెడితే ఆ లెక్క కొట్టేస్తారు. తొంభై అయిదు దాటేదాకా మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. విజయశ్రీ అలా ఎన్నో సంతకాలు పెట్టింది. గొడవెందుకని కొన్ని, ఇంటికి పోవచ్చని కొన్ని. నాకు ఆమె మీద ఒళ్ళు మండేది ఇందుకే.

మొన్న వానాకాలంలో ఒక బ్యాచ్‌కి తొంభై ఒకటి వచ్చింది. మళ్ళీ చేసినా అంతే. మేనేజర్ గిరిప్రసాద్ కాగితం తెచ్చి ముందు పెట్టాడు.

"రాసెయ్యండమ్మా. మీకు అలవాటేగా."

"ఈసారి రాయను సార్. బిళ్ళలోనే మందు తక్కువుంది."

అబద్ధం రాయడానికీ ఓపిక కావాలి. ఆ రోజు ఆమెలో అది కూడా మిగల్లేదు.

"మీ పేరు మీద ఎన్ని తప్పులున్నాయో తెలుసా? మిమ్మల్ని పర్మినెంట్ చెయ్యనిది అందుకే. మీ లెక్క ఎవరు నమ్ముతారు?"

ఆ తప్పులన్నీ ఆయన చెబితే రాసినవే. విజయశ్రీ కాగితాన్ని ఆయన వైపే నెట్టేసింది.

గిరిప్రసాద్ అవే బిళ్ళలు త్రివేణికిచ్చాడు. ఈ మధ్యే కాప్రా నుంచి వచ్చి చేరిన పిల్ల. పనంతా విజయశ్రీ దగ్గరే నేర్చుకుంది. సాయంత్రానికి లెక్క తేల్చి పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, నాకు గూడ గంతే వచ్చింది. మళ్ల జెయ్యమంటవా?"

"వద్దు. బాగానే చేశావ్."

వెనకే గిరిప్రసాద్ వచ్చాడు. అదే కాగితం ఈసారి త్రివేణి ముందు పెట్టాడు.

"కొత్తదానివి, పొరపాట్లు జరుగుతాయి. రాసెయ్."

త్రివేణి పెన్ను తీసి విజయశ్రీ వైపు చూసింది. "రాస్తే ఏమైతది అక్కా?"

రాయొద్దంటే తన ఉద్యోగం పోతుందని విజయశ్రీకి తెలుసు. గిరిప్రసాద్ ఆమెనే చూస్తున్నాడు.

"ఏమీ కాదమ్మా. నాలా అవుతావు, అంతే."

త్రివేణి పెన్నుకి మూత పెట్టింది.

"నేను రాయ సార్. నాకు వచ్చింది తొంభై ఒకటే."

లెక్క కొట్టేయడానికి సంతకం దొరక్క ఆ బ్యాచ్‌ను ఆపేశారు. నెలాఖరుకు విజయశ్రీని కూడా ఇంక రావద్దన్నారు.