మైకు ముందు మహేశ్వరి సిస్టరు

చీర కుచ్చిళ్లు సర్దుకుని మైకు పట్టుకుందంటే చాలు, షుగరు రోగుల్లో పేదా గొప్పా తేడా చూడకూడదని మహేశ్వరి సిస్టరు కళ్లనీళ్లు పెట్టుకునేది. నొప్పి తెలియని పుండే ప్రమాదం, పాదం కట్టు విప్పి చూడాలి అనేది. ఆసుపత్రిలో మాత్రం, పూర్ణా మార్కెట్లో చేపలమ్మే అసిరమ్మ పాదానికి షుగరు పుండుతో వస్తే ముక్కుకు రుమాలు అడ్డంపెట్టుకుని గుమ్మం అవతలే నిలబెట్టేది.

"ఓపాలి కట్టిప్పి సూడమ్మా. నొప్పయితే నేదు," అంది ఒకనాడు అసిరమ్మ.

"నొప్పి లేదుగా, మానిపోతాదిలే. ఈసారి నీళ్లు పోసుకుని రా."

నెల తిరక్కుండానే అసిరమ్మ పాదం తీసేశారు. తరువాతి సభలో సిస్టరు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, "అశ్రద్ధ చేస్తే ఇదీ గతి," అని జనానికి చూపించింది. ఫొటో తీస్తుంటే భుజం మీద చెయ్యి కూడా వేసింది.

అసిరమ్మ మైకులోకి వంగింది. "ఏటమ్మా, ఈయాల నాకాడ నీసు కంపు లేదేటి?"