రైహా పీకిన మేకు

చేతిలో అల్లిక ఉంటేనే రైహా ఒక్కచోట కూర్చుంటుంది. లేకపోతే లేస్తుంది, టీకి నీళ్ళు పెడుతుంది, తాగడం మర్చిపోతుంది, గేటు దాకా వెళ్ళి వస్తుంది. మా ఊరు వైరోవాలో ఆమెది మా పక్కిల్లు. అల్లికకు హరకెకె అనే నారపొద ఆకు కోసిపెట్టే పని నాది. పొద మధ్యలో మొలక బిడ్డ, దానికి అటూ ఇటూ ఉన్న ఆకులు అమ్మానాన్నలు. ఆ మూడింటినీ వదిలి బయటివే కోయాలి. వానలో కోయకూడదు.

ఆ ఆకుతో ఆమె అల్లేది వహకురా, పసిబిడ్డల పడక. దాన్ని అమ్మానాన్నల మంచం మీదే పెట్టుకోవచ్చు. బిడ్డ వాళ్ళ దగ్గరే ఉంటుంది, వాళ్ళ ఒళ్ళు గానీ దుప్పటి గానీ బిడ్డ మీదకి రాదు. రైహా చెల్లెలి నెలల కొడుకు పెద్దవాళ్ళ మధ్య పడుకుని తెల్లారి లేవలేదు. అప్పటినుంచీ ఇవే అల్లుతోంది. అంచు గట్టిగా, అడుగు చదునుగా, ముస్తాబు లేకుండా.

మనవరాలు తిరియాకు నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టినప్పుడు మాత్రం ఆమె చెయ్యి ఊరుకోలేదు. బురదలో నానేసి నలుపెక్కించిన ఆకు చీలికలతో అంచు చుట్టూ మెట్లమెట్లుగా నమూనా తీసింది. చూసినవాళ్ళంతా నోరు తెరిచారు. ఇచ్చి వచ్చాక ఆమెకు కుదురు లేదు.

"బండి తియ్యి," అంది ఓ మధ్యాహ్నం.

"మొన్నేగా వెళ్ళొచ్చాం?"

"పొగబెట్టిన ఈల్ చేపలు ఇచ్చి వద్దాం."

"ఆ చేపలు నావి."

"అయితే నువ్వే ఇద్దువుగాని, తియ్యి."

తిరియా ఇంటి తలుపు తీసే ఉంది. గోడ మీద, పోయిన పెద్దల ఫొటోల కింద, మేకుకి వహకురా వేలాడుతోంది. మాంసం ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసొచ్చిన తిరియా మొగుడు రావిరి సోఫాలో గుర్రు పెడుతున్నాడు. వాడి చంకకీ దిండుకీ మధ్య బిడ్డ, మొహం వాడి చొక్కాలోకి.

రైహా అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. బిడ్డను లాగి గుండెకి ఆనించుకుంది. బిడ్డ కెవ్వుమంది.

వంటింట్లోంచి తిరియా పరుగెత్తుకొచ్చింది.

"ఎందుకే దాన్ని గోడకెక్కించావు?" అంది రైహా.

"అంత చక్కగా ఉంది కదా, అమ్మమ్మా. పాలు కక్కితే పాడవదూ?"

"కక్కనీ! మరి రాత్రిళ్ళు బిడ్డ ఎక్కడ?"

"మా ఇద్దరి మధ్య," అన్నాడు రావిరి కళ్ళు నులుముకుంటూ. "పొదలోనూ అంతేగా? నువ్వే చెప్పావు, మధ్యలో బిడ్డ, పక్కన అమ్మానాన్న అని."

"ఆకులు నిద్రలో దొర్లవురా! సిగరెట్టు కంపు కొట్టవు, షిఫ్టు చేసొచ్చి ఒళ్ళు తెలీకుండా పడిపోవు!"

వాడు లేచి దారిచ్చాడు.

రైహా వహకురాను దించి వాళ్ళ మంచం మీద పెట్టింది. అందులో పల్చటి గట్టి పరుపు, దాని మీద బిడ్డ వెల్లకిలా. తిరియా ఊలు దుప్పటీ కుచ్చుల బొమ్మా తెస్తే రెండూ వెనక్కిచ్చేసింది.

"మొహం చుట్టూ గాలి తప్ప ఇంకేమీ ఉండకూడదు."

బిడ్డ కాసేపు ఏడ్చి, తల తిప్పి, నల్లటి నమూనా మీద పాలు కక్కింది. తిరియా "అయ్యో" అంది. రైహా నవ్వింది.

"రావిరీ, పట్టకారు ఉందా?"

ఆమె ఎక్కబోయిన కుర్చీని నేను పట్టుకున్నాను. మేకు పీకి జేబులో వేసుకుంది.

చేపలు బండిలోనే ఉండిపోయాయి. దారి పొడుగునా ఆమె జేబులో ఆ మేకును తడుముతూనే ఉంది. గేటు దగ్గర దిగి అంది: "రేపు వాన లేకపోతే ఆకు కొయ్యి. ఈసారి నలుపు వద్దు."