రెండు స్ప్రే గన్నులు, ఒక తడిగుడ్డ

నా చిన్నప్పుడు, రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మా చిన్నాయన ఒక పాత కారు కొన్నాడు. ఆయన మా నాన్నకు తమ్ముడు. ఆదోనిలో మాది పత్తి వ్యాపారం. ఊరి చివర సొంత జిన్నింగు మిల్లు ఉండేది. రైతులు తెచ్చిన పత్తిలోంచి గింజలు తీసి, దూదిని బేళ్ళు కట్టి పంపేవాళ్ళు. నాన్న మనసంతా వ్యాపారం మీద ఉంటే, చిన్నాయన మనసు ఇనుము మీద ఉండేది. గడియారం ఆగితే విప్పేవాడు. కుట్టుమిషను బిగుసుకుంటే విప్పేవాడు. ఒక్కోసారి బాగా నడుస్తున్న వాటిని కూడా విప్పి, ఇంట్లో వాళ్ళచేత తిట్లు తినేవాడు.

ఆ కారును బళ్ళారి నుంచి లారీ వెనక కట్టి లాక్కొచ్చారు. సంపాదన కోసం కాదు, కేవలం సరదా కోసం ఆరు నెలలపాటు ప్రతి ఆదివారం దాని కింద పడుకుని బాగుచేశాడు. నాకప్పుడు పదేళ్ళు. ఏ పానా అడిగినా చూడకుండా చేతికిచ్చేదాన్ని. ఆడపిల్లకు ఈ నూనె మరకలేమిటని మా అమ్మ గొణిగేది గాని, చిన్నాయనకు నేను పక్కన లేకపోతే పని సాగేది కాదు. చివరికి ఒక రోజు ఇంజను అందుకుంది. ఇక మిగిలింది రంగు. పైన రంగంతా పెచ్చులు లేచిపోయి, గజ్జి పట్టిన గొడ్డులా ఉండేది ఆ కారు.

కుంచెతో పూస్తే గీతలు పడతాయని చిన్నాయన ఒప్పుకోలేదు. గాలి వేగంతో రంగును పొగమంచులా చేసి చిమ్మే స్ప్రే గన్ను కావాలన్నాడు. యుద్ధం అయిపోయాక బళ్ళారిలో మిలిటరీ సామాన్లు అమ్మకానికి వచ్చాయి. అక్కడి కొట్టాయన తెలిసినవాడు కావడంతో రెండు గన్నులు ఇచ్చి, ఏది పనికొస్తుందో చూసుకుని రెండోది తిరిగి పంపమన్నాడు. ఒకటి పెద్దది. అద్దంలా మెరిసే పూత, కింద రంగు పోసే చెంబంత గిన్నె. రెండోది చిన్నది. పూత అరిగిపోయి, పైన లోటాలాంటి గిన్నెతో, ఒక వైపు సొట్టపడి ఉండేది. ఇద్దరం పెద్దదాన్నే ఇష్టపడ్డాం. అందులో నా ముఖం కనబడేది మరి.

అయినా తెలిసినవాళ్ళను ఒక మాట అడుగుదామని, చిన్నాయన నన్ను వెంటబెట్టుకుని పొద్దుటి బస్సులో ఎమ్మిగనూరు బయలుదేరాడు. అక్కడ బస్సులకు రంగులు వేసే ఒక పెద్దాయన ఉండేవాడు. బొంబాయిలో ఇరవై ఏళ్ళు మోటారు కార్ఖానాలో పనిచేసి, సొంత ఊరికి తిరిగి వచ్చినవాడు. అందరూ ఆయన్ను ఉస్తాదు అనేవాళ్ళు. మగ్గాల చప్పుడు వినబడే వీధులు దాటి, ఊరి బయట ఆయన రేకుల షెడ్డుకు చేరాం. లోపల ఒక ఆయిలింజను, గాలి నింపే ఇనుప పీపా, బయట సగం రంగు వేసిన ఎర్ర బస్సు ఉన్నాయి.

ఉస్తాదు రెండు గన్నులూ చేతిలోకి తీసుకుని, మీటలు నొక్కి, లోపలి సూదులు బయటికి లాగి చూశాడు. మాట్లాడబోయేంతలో దగ్గు తెర వచ్చింది. వంగిపోయి చాలాసేపు దగ్గాడు. భుజం మీది తెల్లటి తువ్వాలుతో ముక్కు, నోరు తుడుచుకున్నాడు. తువ్వాలు మీద ఎర్రగా, చిక్కగా ఏదో అంటుకుంది.

"చిన్నాయనా, రక్తం!" అని అరిచాను. చిన్నాయన ముఖం పాలిపోయింది. పరుగున పోయి ఉస్తాదును పట్టుకున్నాడు.

ఉస్తాదు నవ్వాడు. "రక్తం కాదు పాపా. అదిగో, ఆ బస్సు రంగు. నిన్న కొట్టినాను. ఈ పొద్దు కూడా వస్తాండాది."

రక్తమని భయపడినప్పటికంటే, అది రంగు అని తెలిశాక నాకు ఎక్కువ భయమేసింది. బయట ఉన్న బస్సు రంగు మనిషి లోపలికి ఎలా పోతుంది? నేను ఆ బస్సునూ, ఆ తువ్వాలునూ మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాను.

ఉస్తాదు అదేమీ పట్టించుకోకుండా చిన్నాయనను అడిగాడు. "రంగు యాడ పెట్టి కొడతావప్పా?"

"మా పత్తి గోదాములోనన్నా. తలుపులన్నీ మూసేస్తే దుమ్ము పడదు కదా."

"పక్కన ఎవరుంటారు?"

చిన్నాయన నా తల నిమిరాడు. "ఇంకెవరు, మా పాపే. రంగు కలిపేది, గిన్నె నింపేది అంతా ఈమే."

ఉస్తాదు నా వైపు చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి, గోడల అంచులకు పూసే జాజు, అదే ఎర్రమట్టి, కొంచెం తెచ్చి నీళ్ళలో కలిపాడు. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగట్టి పెద్ద గన్ను గిన్నెలో పోశాడు. ఇంజను తిప్పి పీపాలో గాలి నింపాడు. షెడ్డు తలుపులు మూశాడు. ఉతికిన తెల్లగుడ్డ ఒకటి తడిపి, నా ముక్కు నుంచి గడ్డం దాకా కప్పి వెనక ముడివేశాడు.

"భయపడొద్దు పాపా. మీ ఇంట్లో పూసే జాజే ఇది. కండ్లు మూసుకో. ఊపిరి మామూలుగా తీసుకో, అంతే." నన్ను గోడకు ఆనించిన పాత రేకు తలుపు పక్కన నిలబెట్టి, గన్ను చిన్నాయన చేతికిచ్చాడు. "కొట్టప్పా. కారుకు కొట్టినట్లే కొట్టు."

గన్ను బుస్సుమంది. కళ్ళు మూసుకున్నా చిన్నాయన సంబరం నాకు వినబడుతూనే ఉంది. "అబ్బా, ఎట్ల పరుచుకుంటాందో సూడన్నా!" అంటున్నాడు. రేకు తలుపు మొత్తం నిమిషాల్లో ఎర్రబడిందట. చప్పుడు ఆగింది.

"ఇప్పుడు పాప గుడ్డ నువ్వే విప్పు," అన్నాడు ఉస్తాదు.

చిన్నాయన ముడి విప్పాడు. గుడ్డను వెలుగులో పట్టుకున్నాడు. ఈనాటికీ ఆ గుడ్డ నా కళ్ళముందే ఉంది. గుడ్డంతా లేత ఎరుపు. మధ్యలో మాత్రం పక్కపక్కనే రెండు చిక్కటి చుక్కలు, వాటి కింద ఒక అడ్డగీత. అవి నా ముక్కు రంధ్రాలు, నా నోరు. నేను ఊపిరి పీల్చిన చోటల్లా ఎర్రమట్టి ముద్దగా పట్టింది. ఎవరో నా ముఖాన్ని అచ్చు తీసినట్టుంది.

చిన్నాయన నా ముందు గొంతుక్కూర్చున్నాడు. కండువాతో నా ముఖం మళ్ళీ మళ్ళీ తుడిచాడు.

"అదంతా పాప లోపలికి పోవాల్సింది," అన్నాడు ఉస్తాదు నెమ్మదిగా. "గుడ్డ ఆపింది. ఇది మట్టి కాబట్టి సరిపోయింది. నువ్వు కొట్టబోయే రంగులో సీసం ఉంటాది, ఘాటు నూనెలుంటాయి. ఆ పెద్ద గన్ను గాలి ఎక్కువ తాగుతాది. సగం రంగు కారుకు, సగం నీకూ పాపకూ."

అప్పుడు తలుపులు బార్లా తెరిచాడు. కొత్త గుడ్డ తడిపి, ఈసారి తన ముఖానికే కట్టుకుని నా స్థానంలో తనే నిలబడ్డాడు. చిన్నాయన చిన్న గన్నుతో కొట్టాడు. చేయి ఎంత నెమ్మదిగా తిప్పాడో! విప్పి చూస్తే గుడ్డ దాదాపు తెల్లగానే ఉంది. కాని అక్కడా మూడు లేత మచ్చలు పడ్డాయి.

"సూసినావా, దీంట్లోనూ ఉండాది. తక్కువ, అంతే. తక్కువంటే లేదని కాదప్పా."

"మరి నువ్వు ఎప్పుడూ గుడ్డ కట్టుకోలేదా అన్నా?" అని అడిగాడు చిన్నాయన.

"ఇప్పుడు కట్టుకుంటాండాను, అయినా కొంత పోతాండాది. ఇరవై ఏండ్లు కట్టుకోలేదు. ఆడ బొంబాయిలో నాకు సెప్పేవాళ్ళు లేరు. అందుకే నేను సెప్తాండాను."

ఉస్తాదు మాటతో చిన్నాయన సొట్టపడిన గన్నునే ఉంచుకున్నాడు. తిరుగు బస్సులో నేను నోరు గట్టిగా మూసుకుని, ముక్కుతో ఎంత తక్కువ పీల్చవచ్చో చూసుకుంటూ కూర్చున్నాను.

మరునాడు చిన్నాయనకు క్యారియరు ఇవ్వడానికి మిల్లుకు వెళ్ళాను. ఎన్నోసార్లు వెళ్ళిన చోటే. ఆడవాళ్ళు వరసగా నిలబడి యంత్రాలకు పత్తి అందిస్తున్నారు. వాళ్ళ కనుబొమల మీద, రెప్పల మీద తెల్లగా దూది. ఇంతకుముందు వాళ్ళను చూసి ముసలమ్మలయ్యారని నవ్వేదాన్ని. ఆ రోజు నవ్వు రాలేదు. వాళ్ళలో నన్ను ముద్దుచేసే ఒక అక్క ఉండేది. పెద్దకడుబూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ పనిలో చేరింది. ఆమె ఎప్పుడూ దగ్గుతూనే ఉండేది. అదొక అలవాటేమో అనుకునేదాన్ని.

ఇంటికి పరిగెత్తి, పాత తెల్లగుడ్డ తడిపి తెచ్చి ఆమెను బతిమాలాను. "ఏం ఆటమ్మా ఇది?" అని నవ్వుతూనే కట్టించుకుంది. మధ్యాహ్నం గంట కొట్టాక విప్పాను. బూడిద రంగు పొర ఒకటి గుడ్డ మీద మందంగా పేరుకుంది. మధ్యలో అవే రెండు చుక్కలు, అదే గీత. ఆమె ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంతుందా?" అంది.

ఆ గుడ్డను తీసుకుపోయి నాన్న ముందు, చిన్నాయన ముందు పరిచాను. నాన్న విసుక్కున్నాడు. "మిల్లన్నాక దూది లేస్తాది. ఇందులో కొత్తేముంది?"

చిన్నాయన ఆ గుడ్డ మీది నుంచి చూపు తిప్పలేదు. "కొత్తేం లేదన్నా. మనం సూడలేదు, అంతే. ఇన్నేండ్లు ఈడనే తిరుగుతాండాను, నేను కూడా సూడలేదు."

దానితో అన్నీ మారిపోయాయని చెప్పను. నెల రోజులు వాదించాక నాన్న గోడలో పైన నాలుగు కిటికీలు కొట్టించడానికి ఒప్పుకున్నాడు. అందరికీ పలుచటి గుడ్డలు ఇచ్చారు. ఎండాకాలంలో ఉక్కకు తాళలేక సగం మంది తీసేసేవాళ్ళు. ఆ అక్క మాత్రం తీయలేదు. ఆమె దగ్గు తగ్గింది గాని పోలేదు.

కారుకు మిల్లు ఆవరణలో, ఆరుబయట, నాలుగు ఆదివారాలు రంగు వేశాడు చిన్నాయన. నన్ను గేటు దాటి లోపలికి రానివ్వలేదు. గాలికి కొట్టుకొచ్చిన దూది తడిరంగుకు అంటుకుంది. ఆ కారులోనే ఎమ్మిగనూరు పోయి చూపిస్తే ఉస్తాదు పైకప్పు తడిమి, "ఏమప్పా, నీ కారుకు వెంట్రుకలు మొలిచినాయే!" అని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ తర్వాత రెండేళ్ళకే ఆయన పోయాడని విన్నాం.

ఇప్పుడు నా మనవళ్ళు కొత్త బండి తెచ్చి, రంగు చూడమని నన్ను వాకిట్లోకి పిలుస్తారు. బాగుందనే అంటాను. నిజంగానే బాగుంటుంది. కాని చేత్తో దాన్ని తాకినప్పుడు నా మనసు బండి మీద నిలవదు. ఈ రంగు వేసేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారు, వాళ్ళకు ఎవరైనా చెప్పారా అనే అడుగుతుంది. జవాబు తెలియదు. అయినా అడగడం మానలేదు.